ఎంపీలు రాజధానిలో ఉండాలా, ఇంటి నుంచి పని చేయాలా?

కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలను వేర్వేరు ఊళ్లకు పంచేసి, ఎంపీలను ఇంటి నుంచే పని చేయనివ్వాలని కొందరంటారు. ఈ వాదనలో రెండు ప్రశ్నలు కలగాపులగం అయిపోతుంటాయి. కేంద్ర కార్యాలయాలన్నీ ఒకే ఊళ్లో ఉండాలా, నాలుగు చోట్లకు పంచాలా అన్నది ఒకటి. ఎంపీలు సభకు రాకుండానే పని చేయొచ్చా అన్నది ఇంకొకటి. మొదటిదానికి నేను సగం ఒప్పుకుంటాను. రెండోదానికి ఓ పట్టాన మనసొప్పదు.

2022 ఫిబ్రవరి 3న స్పెయిన్ పార్లమెంటులో కార్మిక సంస్కరణల మీద ఓటింగ్ జరిగింది. ఒంట్లో బాగాలేని ఓ ప్రతిపక్ష సభ్యుడు ఆన్‌లైన్‌లో ఓటేస్తే అది బిల్లుకు అనుకూలంగా నమోదైంది. తప్పు సిస్టమ్‌దేనంటూ ఆయన హడావిడిగా సభకు వచ్చినా మళ్లీ ఓటేయనివ్వలేదు. బిల్లు 175–174తో గట్టెక్కింది. (సభలో కూర్చుని కూడా తప్పు బటన్ నొక్కేవాళ్లుంటారు, అది వేరే సంగతి.)

అలాగని హాజరు తప్పనిసరి అంటే ఏమవుతుందో 2020 జూన్ 2న బ్రిటన్‌లో చూశాం. కరోనా దూరం పాటిస్తూ ఎంపీలు దాదాపు కిలోమీటరు క్యూ కట్టి ఓటేశారు. జబ్బుపడినవారికి, బాలింతలకు రిమోట్ ఓటు ఇవ్వాల్సిందే. కమిటీల ముందు సాక్షులు వీడియోలో మాట్లాడినా నష్టమేం లేదు.

కానీ ఎంపీ పనిలో ఓటు చిన్న ముక్క. సవరణ మీద బేరం కుదిరేది కారిడార్లో, అవతలి పార్టీవాళ్లతో టీ తాగుతున్నప్పుడు. అందరూ ఇళ్లలో కూర్చుంటే మిగిలేది ఫోన్లో పార్టీ విప్ పంపిన మెసేజే. ఎంపీ నియోజకవర్గంలో జనానికి అందుబాటులో ఉంటాడన్న మాట నిజమే, కానీ సభ ఏడాది పొడవునా జరగదు కదా.

ఇక కార్యాలయాల పంపకం. జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 1951 నుంచీ రాజధానికి దూరంగా, కార్ల్స్‌రూహే నగరంలోనే ఉంది. జడ్జీలు రోజూ మంత్రుల మొహం చూడక్కర్లేదు కాబట్టి దూరమే మేలు. దక్షిణాఫ్రికాది మరో కథ: మంత్రిత్వ శాఖలు ప్రిటోరియాలో, పార్లమెంటు వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరాన కేప్‌టౌన్‌లో. మంత్రులకు, అధికారులకు రెండు ఊళ్ల మధ్య తిరుగుడు తప్పదు.

తొందరపడి ఆఫీసులు తరలిస్తే ఉద్యోగులే వదిలేసి పోతారు. అమెరికాలో ప్రభుత్వ భూములు చూసే సంస్థ వాషింగ్టన్ నుంచి 328 ఉద్యోగాలను పశ్చిమ రాష్ట్రాలకు తరలించబోతే, 287 మంది రిటైరయ్యారు లేదా వేరే పని చూసుకున్నారు. కొత్త ప్రధాన కార్యాలయం పెట్టిన గ్రాండ్ జంక్షన్‌కు (కొలరాడో రాష్ట్రంలోని ఊరు) వెళ్లింది ముగ్గురే. ప్రధాన కార్యాలయాన్ని మళ్లీ వాషింగ్టన్‌కే తెస్తామని 2021లో ప్రకటించారు.

కాబట్టి నా ఓటు ఇలా: సభ ఒకే చోట, మంత్రితో రోజువారీ పని లేని సంస్థలు బయట, అదీ కొత్త నియామకాలతో మెల్లగా. అలా బయటకు పంపిన ఆఫీసు అధిపతికి సొంత బడ్జెట్, చివరి సంతకం పెట్టే అధికారం కూడా ఇవ్వాలి. సంతకానికి ఫైలు రాజధానికే వెళ్లాలంటే దాన్ని వికేంద్రీకరణ అనలేం, అడ్రస్ మార్పు అంటాం.