ఐల్ ఆఫ్ వైట్‌లో లాగ్ క్యాబిన్ బుక్ చేస్తున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

అందరికీ నమస్కారం. ఇండియా నుంచి అమ్మానాన్నల్ని రప్పించుకుని, సముద్రం పక్కన లాగ్ క్యాబిన్‌లో, అంటే దుంగలతో కట్టిన చెక్క ఇంట్లో నాలుగు రోజులు సుఖంగా ఉంచాలని అనుకునేవాళ్లు ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్లలో చాలామందే ఉన్నారు. వాళ్ల కోసం రాస్తున్నాను. మే నెలాఖరు స్కూళ్ల హాఫ్ టర్మ్ సెలవులకి మేం ఇంగ్లండ్ దక్షిణ తీరానికి ఎదురుగా ఉన్న ఐల్ ఆఫ్ వైట్ దీవికి వెళ్లాం. దీవికి వంక పెట్టడానికి లేదు. మాకు ఇచ్చిన క్యాబిన్ మాత్రం ఫొటోలో చూపించింది కాదు. కట్టిన డబ్బులో ఒక్క పౌండ్ కూడా ఇంతవరకు వెనక్కి రాలేదు.

గొడవ ఇంకా తేలలేదు కాబట్టి ఆ క్యాబిన్లు అద్దెకిచ్చే హాలిడే పార్కు పేరు రాయడం లేదు. మేం ఎక్కడెక్కడ పొరపాటు పడ్డామో చెప్తాను, మీకు అదే ఎక్కువ పనికొస్తుంది.

ప్రకటనలో ఫొటోలు చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. లావుపాటి దుంగల గోడలు, ముందు వరండా, ఆవిర్లు పోతున్న హాట్ టబ్, ఎదురుగా సముద్రం. ‘బీచ్‌కి అయిదు నిమిషాల నడక’ అని రాశారు. నాలుగు రాత్రులకి 780 పౌండ్లు. ఫోన్ చేసి మాట్లాడితే, కార్డు కాకుండా బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేస్తే 5 శాతం తగ్గిస్తామన్నారు. అంటే 39 పౌండ్లు. మా ఆయన ‘క్రెడిట్ కార్డు మీదే కడదాం’ అంటూనే ఉన్నారు, నేనే వినకుండా అప్పటికప్పుడు 741 పౌండ్లు పంపేశాను. ఇవాళ మేం పడుతున్న అవస్థంతా ఆ 39 పౌండ్ల దగ్గర మొదలైంది.

సాయంత్రం నాలుగింటికి చేరాం. ఫొటోలో ఉన్న దుంగల క్యాబిన్లు గేటు పక్కనే మూడు ఉన్నాయి. మాకు తాళం ఇచ్చింది వెనకాల చెట్ల కింద ఉన్న దానికి. అది పాత కారవాన్, అంటే బండికి తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు. బయట చుట్టూ చెక్కలు కొట్టి గోధుమరంగు వేశారు. లోపల మంచం వెనక గోడ తడిసిన అప్పడంలా ఉబ్బి ఉంది, వేలితో నొక్కితే లోపలికి దిగింది. మూలన కిందనుంచి మోకాలెత్తు వరకు నల్లటి బూజు. హాట్ టబ్ మీద మూత తీస్తే చల్లటి నీళ్లు, అడుగున ఆకులు. కరెంటుకి మీటర్‌లో పౌండ్ నాణేలు వేయాలి. ఆ సంగతి ప్రకటనలో లేనే లేదు. దుప్పట్లకి మంచానికి పది చొప్పున మూడు మంచాలకి 30 పౌండ్లు అక్కడికక్కడ వసూలు చేశారు.

మా నాన్న తెనాలి ఎండలు తప్పించుకోవచ్చని మే నెల్లో వచ్చారు. ఆ రాత్రి మంకీ క్యాప్ పెట్టుకుని, రెండు స్వెట్టర్లు వేసుకుని, మీటర్ దగ్గర కుర్చీ వేసుకు కూర్చున్నారు, ఎప్పుడు హీటర్ ఆగుతుందో చూస్తూ. ‘పర్లేదులే అమ్మా, బాగానే ఉంది’ అన్నారు నాతో. ఆ మాట వినలేకపోయాను. అమ్మ ఉతికి ఆరేసిన నేత చీర రెండు రోజులకీ ఆరలేదు, మడిస్తే బూజు వాసన.

పొద్దున్నే ఆఫీసుకి వెళ్లి అడిగితే, ‘ఫొటోలు నమూనాకి మాత్రమే’ అని షరతుల్లో ఉన్న లైను చూపించారు. నిజంగానే ఉంది, చాలా కిందికి, సన్నటి అక్షరాల్లో. ఇంకో విషయం అక్కడే తెలిసింది. ఈ దేశంలో హాలిడే పార్కుల్లో ‘లాడ్జ్’, ‘లాగ్ క్యాబిన్’ అని అమ్మేవాటిలో చాలావాటిని చట్టం కారవాన్లుగానే లెక్కేస్తుంది. 1968 నాటి కారవాన్ సైట్స్ చట్టం ప్రకారం రెండు ముక్కలుగా తెచ్చి అక్కడ బిగించిన ఇల్లు కూడా, కదిలించడానికి వీలుగా ఉండి, నిర్ణీత కొలతలు దాటకపోతే, కారవానే. కాబట్టి పేరులో ‘లాగ్’ అని ఉన్నంత మాత్రాన అసలు దుంగలతో కట్టింది వస్తుందని అనుకోకండి. గోడలు దేనితో కట్టారు, ఎప్పుడు కట్టారు అని సూటిగా అడగండి.

సముద్రం ఉంది, కాదనను. కానీ బీచ్‌కి దిగే మెట్లకి అడ్డంగా కంచె కట్టి ఉంది. దీవి నైరుతి తీరమంతా మెత్తటి మట్టి, ఇసుకరాయి కొండచరియలు. ఏటా కొంచెం కొంచెంగా సముద్రంలోకి జారుతూనే ఉంటాయి. 2023 డిసెంబర్‌లో వెంట్నర్ పక్కన బాన్‌చర్చ్ దగ్గర పెద్ద చరియే విరిగి, రోడ్డు మూసేశారు. ఇది ఎవరి తప్పూ కాదు. కానీ దారి మూసి ఉందని తెలిసీ ‘అయిదు నిమిషాల నడక’ అని రాయడం తప్పే. మేం బీచ్‌కి కారులో ఇరవై నిమిషాలు వెళ్లాల్సి వచ్చింది, నాన్న మోకాళ్ల నొప్పితో.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది గ్యాస్ బాయిలర్. వంటగది అలమరలోనే ఉంది, గ్యాస్ సరిగా మండకపోతే వచ్చే విషవాయువుని పసిగట్టే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఎక్కడా లేదు. ఆ వాయువుకి వాసన ఉండదు, రంగు ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలికి కిటికీలన్నీ బిగించి పడుకునే చోట ఆ అలారం లేకుండా ఎలా అద్దెకిస్తారో నాకు అర్థం కాలేదు. మర్నాడు న్యూపోర్ట్ వెళ్లి మేమే ఒకటి కొని తెచ్చి పెట్టాం. మీరు ఎంత మంచి క్యాబిన్‌కి వెళ్తున్నా ఒకటి సంచిలో వేసుకోండి. బ్యాటరీతో నడుస్తుంది, అరచేతిలో పడుతుంది.

ఫెర్రీ గురించి కూడా చెప్పాలి. దీవికి వంతెన లేదు, కారుతో వెళ్లాలంటే ఓడే గతి. సౌతాంప్టన్ నుంచి ఈస్ట్ కౌస్‌కి గంట, పోర్ట్స్‌మత్ నుంచి ఫిష్‌బోర్న్‌కి ముప్పావుగంట, లిమింగ్టన్ నుంచి యార్మత్‌కి దాదాపు నలభై నిమిషాలు. టికెట్ ధర రోజునిబట్టి, గంటనిబట్టి మారుతుంది. మేం క్యాబిన్‌కి డబ్బు కట్టేశాకే ఫెర్రీ చూశాం. అప్పటికి మాకు కుదిరే టైముల్లో మిగిలినవాటికి రానుపోను 168 పౌండ్లయింది. ముందు ఫెర్రీ ధరలు చూసి, తర్వాత తేదీలు ఖాయం చేసుకోండి. క్యాబిన్, ఫెర్రీ రెండూ ఒకే చోట ఒకే బుకింగ్‌గా కొంటే సాధారణంగా 2018 ప్యాకేజ్ ట్రావెల్ నిబంధనల కిందికి వస్తుంది, అప్పుడు ఏది తేడా వచ్చినా అమ్మినవాళ్లే జవాబు చెప్పాలి.

ఇక డబ్బు సంగతి. తిరిగొచ్చాక రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే, వచ్చే బుకింగ్‌కి పది శాతం తగ్గింపు ఇస్తామన్నారు. మళ్లీ ఎవరు వెళ్తారు అక్కడికి? బ్యాంకుని అడిగాం. 2024 అక్టోబర్ 7 నుంచి, మోసపోయి బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేసినవాళ్లకి బ్యాంకులు 85,000 పౌండ్ల వరకు తిరిగివ్వాలన్న నిబంధన ఉంది కదా అని. కానీ మాకు క్యాబిన్ ఇచ్చారు, అందులో పడుకున్నాం, కాబట్టి ఇది మోసం కిందికి రాదు, మీకూ వాళ్లకీ మధ్య తగాదా అన్నారు. అదే క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే, 1974 కన్స్యూమర్ క్రెడిట్ చట్టం సెక్షన్ 75 మాకు అండగా ఉండేది. 100 పౌండ్లు దాటి 30,000 లోపు ధర ఉన్నదానికి, చెప్పినట్టు ఇవ్వకపోతే అమ్మినవాళ్లతో పాటు కార్డు కంపెనీకి కూడా బాధ్యత ఉంటుంది. అడ్వాన్స్ ఒక్కటీ కార్డు మీద కట్టినా మొత్తానికి వర్తిస్తుంది. అయితే మధ్యలో ఇంకో బుకింగ్ సైటు ఉండి డబ్బు వాళ్లకి వెళ్తే ఈ రక్షణ దక్కకపోవచ్చు, అది కూడా కనుక్కోండి.

ఆన్‌లైన్‌లో కొన్నది ఏదైనా 14 రోజుల్లో రద్దు చేసుకోవచ్చని మనవాళ్లు చాలామంది అంటుంటారు. ఫలానా తేదీలకి బుక్ చేసిన బసకి ఆ హక్కు లేదు. తప్పనిసరిగా కట్టాల్సిన ఛార్జీలన్నీ మొదట చూపించే ధరలోనే కలిపి చెప్పాలని 2025 ఏప్రిల్ 6 నుంచి రూలు వచ్చింది. మా దుప్పట్ల 30 పౌండ్ల గురించి అదే పట్టుకుని అడుగుతున్నాం.

ఒక్క మంచి మాట కూడా చెప్తాను, అది చెప్పకపోతే దీవికి అన్యాయం చేసినట్టే. మూడో రోజు ఆస్బోర్న్ హౌస్ అనే పాత రాజభవనానికి వెళ్లాం. విక్టోరియా రాణి 1901లో పోయింది అక్కడే. లోపల దర్బార్ గది ఉంది, పంజాబ్ నుంచి వచ్చిన భాయ్ రామ్ సింగ్ రూపకల్పన చేసింది. ఆ పక్క వసారాలో మనవాళ్ల బొమ్మలు వరసగా ఉంటాయి, రాణి వేయించినవి. నాన్న ఒక్కో ముఖం ముందు ఆగి ఆగి చూశారు. నాలుగు రోజుల్లో ఆయన చలి మర్చిపోయింది ఆ గంటే.

మేం ఇప్పుడు 2015 కన్స్యూమర్ రైట్స్ చట్టం కింద, ప్రకటనలో చెప్పింది ఒకటి, ఇచ్చింది ఒకటి కాబట్టి ధర తగ్గించి తిరిగివ్వమని ఆఖరి ఉత్తరం పంపాం. ప్రకటన ఫొటోలు నేను ముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవడం మంచిదైంది, ఇప్పుడు వాళ్ల సైట్‌లో ‘బీచ్‌కి అయిదు నిమిషాలు’ అన్న మాట లేదు. పద్నాలుగు రోజుల్లో జవాబు రాకపోతే చిన్న మొత్తాల తగాదాలు తేల్చే స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకి వెళ్తాం.

మీలో ఎవరైనా ఆగస్టుకో, అక్టోబర్ హాఫ్ టర్మ్‌కో ఇప్పటికే అడ్వాన్స్ కట్టి ఉంటే, ఈ రాత్రే వాళ్లకి మెయిల్ పెట్టండి. మాకు ఇచ్చే క్యాబిన్ నంబరు ఎంత, దాని తలుపు మీద నంబరు కనిపించేలా ఫొటో పంపండి, కరెంటు ధరలో కలిసే ఉందా, బీచ్‌కి దారి తెరిచి ఉందా, కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా అని అడగండి. ఫోన్‌లో చెప్తామంటే ఒప్పుకోవద్దు, రాసి పంపమనండి.