గీత పడని డిస్కు ఎందుకు ఆగిపోతుంది? హెచ్‌డీ డీవీడీ, బ్లూరే చాలాకాలం వాడాక

బ్లూరేతో పోటీపడి ఓడిపోయిన హై డెఫినిషన్ సినిమా డిస్కు హెచ్‌డీ డీవీడీ. దాని బొమ్మ మీద నాకు ఫిర్యాదు లేదు. ఒక్క గీత కూడా పడని డిస్కు పెట్టెలో ఉండగానే చెడిపోవడం మీదే నా కోపమంతా. ఆ ఫార్మాట్‌ని నడిపించిన తోషిబా 2008 ఫిబ్రవరిలో చేతులెత్తేశాక దానికి దిక్కు లేదు. పోయిన డిస్కుకి బదులు దొరికినా అదీ ఆనాటి పాత సరుకే.

జబ్బు మెల్లగా ముదురుతుంది. ముందు ఒకచోట బొమ్మ గడులు గడులుగా చెదురుతుంది, తర్వాత అక్కడే బిగుసుకుపోతుంది. తర్వాతి చాప్టర్‌కి దాటిస్తే ఆడుతుంది. కొన్నాళ్లకు ఆ చాప్టరూ మొరాయిస్తుంది. చివరికి ప్లేయర్ డిస్కునే గుర్తుపట్టదు. అందరికీ ముందు లెన్సు మీదే అనుమానం వస్తుంది. మిగతా డిస్కులు బాగా ఆడుతూ, ఇదొక్కటే రెండు ప్లేయర్లలోనూ ఒకే నిమిషం దగ్గర ఆగితే లెన్సు తప్పేమీ లేదు.

డీవీడీ లాగే ఇందులోనూ 0.6 మి.మీ. మందం ఉన్న రెండు పలకలను జిగురుతో అతికిస్తారు. డేటా ఆ రెంటి మధ్యలో ఉంటుంది. అతుకు పట్టు వదిలినా, లోపలి లోహపు పూత పాడైనా లేజర్‌కి తిరిగొచ్చే కాంతి తగ్గిపోతుంది. ట్రాకుల (డేటా వరుసల) మధ్య దూరం డీవీడీలో 0.74 మైక్రాన్లు, ఇక్కడ 0.40 మాత్రమే. అందుకే డీవీడీ తట్టుకునే లోపాన్ని ఇది తట్టుకోలేదు. పైకి చాలాసార్లు ఏమీ కనిపించదు, తుడిచినా లాభం ఉండదు. అన్ని డిస్కులూ ఇలా కావు. నేను చూసినంతలో ఒక స్టూడియోవే ఎక్కువ.

అయినా ముందు తుడిచే చూడాలి. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు తిన్నగా తుడవాలి, గుండ్రంగా కాదు. ఆ తర్వాత కూడా అనుమానం ఉంటే, హెచ్‌డీ డీవీడీ చదివే కంప్యూటర్ డ్రైవ్‌లో పెట్టి ఈవీవో ఫైళ్లన్నిటినీ (సినిమా ఉండేది వీటిలోనే) హార్డ్ డిస్కులోకి కాపీ చేయండి. ఎన్‌క్రిప్షన్ (కాపీ చేసుకోకుండా వేసే తాళం) ఉన్నా ఈ పరీక్షకి అడ్డు కాదు. చెడిన చోటుకి రాగానే వేగం పడిపోతుంది, లేదా రీడ్ ఎర్రర్ వస్తుంది. సినిమా మొత్తం కూర్చుని చూసే పని తప్పుతుంది.

బ్లూరే కట్టుబడి వేరు. డేటా పైన 0.1 మి.మీ. పొర, దాని మీద గట్టి పూత. నా డిస్కుల్లో లోపలి నుంచి చెడింది ఒక్కటీ లేదు. కానీ లోతైన గీత పడితే మాత్రం ఆశ వదులుకోవాల్సిందే. డీవీడీలకు వాడే పాలిష్ మెషీన్‌లో బ్లూరే పెట్టొద్దు, ఆ పూత కాస్తా అరిగిపోతుంది.

వాడకంలో హాయి హెచ్‌డీ డీవీడీదే. సినిమా ఆడుతుండగానే మెనూ తెరమీదికి వస్తుంది, రీజియన్ గొడవ (ఒక ప్రాంతపు డిస్కు మరో ప్రాంతపు ప్లేయర్‌లో ఆడకపోవడం) లేదు. బ్లూరేలో జావా మెనూ (చిన్న ప్రోగ్రాంతో నడిచే మెనూ) ఉన్న చాలా డిస్కులు స్టాప్ నొక్కితే ఆపిన చోటు గుర్తుంచుకోవు. హెచ్చరికలు, ట్రైలర్లు అన్నీ మళ్లీ మొదటినుంచీ. పైగా కొత్త డిస్కు వచ్చినప్పుడల్లా ఫర్మ్‌వేర్ (ప్లేయర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తేగానీ కొన్ని ప్లేయర్లు కదలవు.

హెచ్‌డీ డీవీడీ బొమ్మ మీద ఫిర్యాదు లేదన్నాను గానీ, అది మామూలు నిడివి సినిమాలకి. అందులో రెండు పొరలకీ కలిపి 30 జీబీ, వీడియోకి గరిష్ఠంగా సెకనుకి 29.4 మెగాబిట్లు. బ్లూరేలో 50 జీబీ, 40 మెగాబిట్లు. మూడు గంటల సినిమాలో గ్రెయిన్ (ఫిల్మ్ రేణువులు) ఎక్కువున్న చీకటి సీన్లు వస్తే పెద్ద తెర మీద ఆ ఇరుకు తెలుస్తుంది. ఇంకొకటి: తొలి హెచ్‌డీ డీవీడీ ప్లేయర్లలో కొన్ని 1080ఐ (ఒక్కో ఫ్రేమును రెండు సగాలుగా పంపే సిగ్నల్) మాత్రమే ఇస్తాయి. టీవీ డీఇంటర్‌లేసింగ్ (ఆ సగాలను కలపడం) బాగా లేకపోతే కెమెరా పక్కకి తిరిగే షాట్లలో అంచులు అదురుతాయి. అప్పుడు డిస్కుని తిట్టుకోవద్దు.

నా దగ్గర బ్లూరేలో రాని అదనపు ఫీచర్లున్న డిస్కులు కొన్ని ఉన్నాయి కాబట్టి పాత ప్లేయర్‌ని కదిలించలేదు. ఆ అవసరం లేనివాళ్లు ఇప్పుడు కొత్తగా దాని జోలికి వెళ్లమని చెప్పలేను. పాతవి కొనక తప్పదనుకుంటే ఒకవైపు హెచ్‌డీ డీవీడీ, రెండోవైపు డీవీడీ ఉన్న కాంబో డిస్కు చూడండి. హెచ్‌డీ వైపు పోయినా డీవీడీ వైపు ఆడే అవకాశం ఉంటుంది. రెండు వైపులా డేటానే కాబట్టి వేళ్లు అంచుల మీదే ఉండాలి.