కుంటే కుక్కకు కైరోప్రాక్టిక్: ఏడాదిన్నర తర్వాత నా లెక్క

మా టైగర్ పేరుకే టైగర్. ఏడేళ్ల లాబ్రడార్, అప్పట్లో 38 కిలోలు. మా వరంగల్‌లో వడ్డేపల్లి చెరువు గట్టు మీద ఉదయం నడకకు తీసుకెళ్తే సగం దారిలో కూర్చునేవాడు. కుడి వెనక కాలు కుంటేవాడు. మెట్లెక్కేటప్పుడు రెండు వెనక కాళ్లూ కలిపి కుందేలులా గెంతేవాడు. మందుల దుకాణంలో తెలిసినాయన మనుషులకు వేసే ఐబుప్రొఫెన్ చేతిలో పెట్టాడు. వేయకపోవడం మా అదృష్టం. కుక్కల కడుపునూ మూత్రపిండాలనూ అది దెబ్బతీస్తుందని పశువైద్యుడు తర్వాత గట్టిగానే చీవాట్లు పెట్టాడు.

మామునూరులో పశువైద్య కళాశాల ఉన్న ఊరే మనది. అయినా కుక్కలకు కైరోప్రాక్టిక్, అంటే చేతులతో వెన్ను సరిచేసే వైద్యం, చేసేవారు నాకు ఇక్కడ దొరకలేదు. హైదరాబాదులో ఒకచోట ఉందని తెలిసి బయలుదేరాను. మా అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "ఎదురుకాళ్లతో పుట్టినవాడిని పిలిచి నడుము తొక్కిస్తే పోయేదానికి అంత దూరం ఎందుకురా?" అంది. నవ్వాను కానీ, ఆ మాటలో కొంత న్యాయం లేకపోలేదు. 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ అనే ఆయన మొదలుపెట్టిన కైరోప్రాక్టిక్ కూడా వెన్ను మీద చేయి వేసి చేసే వైద్యమే.

చికిత్స ఎలా ఉంటుందంటే, ముందు కుక్కను అటూ ఇటూ నడిపించి చూస్తారు. తర్వాత మెడ నుంచి తోక మొదలు దాకా వేళ్లతో తడుముతూ, బిగుసుకున్నచోట ఆగి చిన్నగా, వేగంగా ఒక తోపు తోస్తారు. వీడియోల్లో వినిపించే టకటక శబ్దాలేవీ నాకు వినిపించలేదు. అరగంటలో అయిపోతుంది. టైగర్ మొదట మూతి నాకుతూ బెదిరాడు, రెండోసారికి ఆవలించాడు, మూడోసారి అక్కడే పడుకుని గురక పెట్టాడు. ఒక్కో విడతకు 1,500 రూపాయలు. ఉప్పల్ రద్దీ దాటుకుంటూ పోయి వచ్చేసరికి రోజంతా గడిచిపోయేది. మొత్తం 11 సార్లు వెళ్లాను.

ఆ చోటు మీద నాకొక ఫిర్యాదు ఉంది. మొదటి మూడు విడతల్లో ఎక్స్‌రే ఊసే ఎత్తలేదు. వెన్నుపూసల మధ్య డిస్కు జారిన కుక్కను అలా తోస్తే కాళ్లు పడిపోయే ప్రమాదం ఉందని నాకు ఆ తర్వాత తెలిసింది. చివరికి హనుమకొండలోనే మత్తు ఇచ్చి, వెనక కాళ్లు చాచి ఎక్స్‌రే తీశారు. తుంటి కీలులో బంతిలాంటి తొడ ఎముక తల గిన్నెలాంటి గుంటలో సరిగా కూర్చోవడం లేదు. లాబ్రడార్లలో తరచుగా కనిపించే లోపమిది. ఎముక తీరే అలా ఉంటే చేతులతో తోసి మార్చగలిగేది ఏమీ లేదు. మరి నేను ఇన్ని వేలు దేనికి పోసినట్టు?

దానికి జవాబు ఇంట్లోనే దొరికింది. ఎక్స్‌రే తర్వాత నేను అన్నీ ఒకేసారి మార్చాను. నున్నటి టైల్స్ మీద రబ్బరు చాపలు పరిచాను, పెరుగన్నం తగ్గించాను, డాక్టరు రాసిన నొప్పి మందు కొన్నాళ్లు వేశాను. ఆరు నెలల్లో 32 కిలోలకు దిగాడు. కుంటు చాలావరకు పోయింది. ఏది పనిచేసిందో చెప్పడం కష్టమనుకుంటుండగా సంక్రాంతి వచ్చింది. చుట్టాలు వస్తున్నారని మా ఆవిడ చాపలన్నీ చుట్టి అటక మీద పెట్టింది. ఆ నెలలో కైరోప్రాక్టిక్ విడత మానలేదు. అయినా వారం తిరక్కుండానే టైగర్ మళ్లీ కుంటడం మొదలుపెట్టాడు. చాపలు దింపాక పది రోజుల్లో సర్దుకున్నాడు.

అలాగని చేతి వైద్యం పూర్తిగా వృథా అనను. వేసవిలో రెండు నెలలు వెళ్లకుండా చూశాను, కుంటు రాలేదు. చలికాలంలో అలాగే మానేస్తే మాత్రం తెల్లవారుజామున లేచేటప్పుడు నడుము వంచలేక మూలిగేవాడు. చికిత్స చేయించిన మూడు నాలుగు రోజులు ఆ మూలుగు ఉండేది కాదు, ఒళ్లు విరుచుకుని తోక ఊపుతూ వచ్చేవాడు. చెడిన కాలును కాపాడుకోవడానికి బరువంతా ముందుకు మోపి నడిచే కుక్కకు వీపు కండరాలు పట్టేస్తాయట. ఆ పట్టు సడలుతోందని నాకు అనిపించింది. కాలుకు కాదు, వీపుకు.

వెళ్లదలచినవారు ఇంటి దగ్గర నడక వీడియో తీసుకెళ్లండి. కొత్తచోట కుక్క భయంతో బాగానే నడుస్తుంది. నడిచేటప్పుడు తల గమనించండి. నొప్పి ముందు కాలిలో ఉంటే, ఆ కాలు నేలకు ఆనినప్పుడల్లా తల పైకి లేస్తుంది. ఎక్స్‌రే చూడకుండా చేయి వేసే చోటికైతే నేను ఇక వెళ్లను.

డిసెంబరుకు వేరొకచోట రెండు విడతలు మాట్లాడుకున్నాను. చాపలను మాత్రం ఈసారి పండుగకు కూడా తీయనివ్వను. మా ఆవిడకు ఇప్పటినుంచే చెబుతున్నాను.