ఆఫ్రికా వేటకు రైఫిల్ కొంటున్నారా? మాగ్నమ్ అంటగడతారు, జాగ్రత్త

వచ్చే సీజన్‌కు నమీబియాకో దక్షిణాఫ్రికాకో ప్లెయిన్స్ గేమ్ (మైదానాల్లో తిరిగే జింకల్లాంటి జంతువుల) వేటకు వెళ్దామని డబ్బు పోగేసుకుంటున్నవాళ్లు, ముఖ్యంగా అమెరికాలో ఉంటూ మొదటిసారి వెళ్తున్న మనవాళ్లు, రైఫిల్ కొనే ముందు ఇది పూర్తిగా చదవండి. నేను పోయిన జూన్‌లో నమీబియా వెళ్లొచ్చాను. కొట్లో అమ్మేవాడి మాట నమ్మి నాకు సరిపడని తుపాకీ కొన్నాను. డబ్బు పోతే పోయింది, కానీ నా గుండు తగిలిన ఒక జంతువు గాయంతో పొదల్లోకి పోయి మళ్లీ దొరకలేదు. అది గుర్తొస్తే ఇప్పటికీ అన్నం సహించదు.

నేనుండేది టెక్సస్‌లో. ఎనిమిదేళ్లుగా మా బావతో కలిసి అడవిపందుల వేటకు, జింకల వేటకు వెళ్తున్నాను, ఎప్పుడూ బావ దగ్గరున్న రెండు .308 క్యాలిబర్ (తూటా సైజు) రైఫిళ్లలో ఒకటి తీసుకునేవాణ్ణి. ఆఫ్రికా ట్రిప్ ఖాయమయ్యాక నాకంటూ ఒక రైఫిల్ ఉండాలనిపించింది. ఊళ్లో పేరున్న కొట్టుకే వెళ్లాను. కౌంటర్ వెనకాల మనిషి, ఆఫ్రికా అనగానే, అక్కడి జంతువులు మహా మొండివి, .308 తూటా తగిలినా పరుగెత్తుతూనే ఉంటాయి, కనీసం .300 విన్ మాగ్ (ఎక్కువ మందుతో జోరుగా కొట్టే మాగ్నమ్ క్యాలిబర్) లేకుండా వెళ్లొద్దు అని మొదలుపెట్టాడు. కార్బన్ ఫైబర్ చుట్టిన తేలికైన బ్యారెల్, చివర తన్ను తగ్గించడానికి బిగించే మజిల్ బ్రేక్, దానికి జోడీగా దూరానికి కొట్టే బుల్లెట్ల పెట్టెలు. బ్రేక్ ఉంది కాబట్టి కాల్చినప్పుడు భుజానికి తగిలే తన్ను చిన్న తుపాకీలాగే ఉంటుందన్నాడు. అరగంటలో నాకు అరచేతిలో వైకుంఠం చూపించాడు. స్కోప్ (గురి చూసే దుర్భిణి) కాకుండా 2,400 డాలర్లు, తూటాలు ఇరవై ఉన్న పెట్టె 85 డాలర్లు. ఏ దేశం వెళ్తున్నారు, ఎంత దూరం నుంచి కాలుస్తారు, ఇప్పటిదాకా ఏ క్యాలిబర్ వాడారు అన్న మూడు ప్రశ్నల్లో ఒక్కటి కూడా అతను అడగలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

బావ మాత్రం "ఒరే, ఎనిమిదేళ్లుగా చేతికి అలవాటైంది వదిలేసి కొత్తదెందుకురా?" అన్నాడు. నేను వినలేదు. బావ కూడా తన .308 పట్టుకుని నాతో ఆ ట్రిప్‌కి వచ్చాడు.

ఇక్కడ కొన్ని లెక్కలు చెప్పాలి, ఎందుకంటే కొట్లో ఎవరూ చెప్పరు. నమీబియాలో జంతువును బట్టి తూటాకు ఉండాల్సిన కనీస శక్తి రూల్స్‌లోనే ఉంది. స్ప్రింగ్‌బాక్, డైకర్ లాంటి చిన్నవాటికి 1,350 జౌళ్లు. కూడూ, జెమ్స్‌బాక్, హార్ట్‌బీస్ట్, విల్డెబీస్ట్, ఈలాండ్ లాంటి పెద్ద జింకలకు 2,700. ఏనుగు, అడవిదున్న లాంటి ప్రమాదకరమైనవాటికి 5,400. మామూలు .308 తూటాకే 3,500 జౌళ్ల పైన ఉంటుంది. అంటే మన మనుబోతంత ఉండే కూడూకు అది చాలు, ఇంకా మిగులుతుంది కూడా. మరీ చిన్న క్యాలిబర్ తీసుకెళ్లడం మాత్రం తప్పే, .243లో మామూలుగా దొరికే 100 గ్రెయిన్ల బరువు బుల్లెట్ ఉన్న తూటా ఆ 2,700కి కాస్త కింద ఆగిపోతుంది. .270, 7×57, .308, 30-06 వీటిలో ఏది బాగా కాల్చగలిగితే అది చాలు. మేము దిగిన ఫామ్ యజమాని కూడూలన్నీ 7×57 మౌజర్‌తోనే కొడతాడు. 1892లో వచ్చిన క్యాలిబర్ అది. వాళ్ల నాన్న నుంచి వచ్చిన తుపాకీ, కట్టె మీద పాలిష్ చెయ్యి పట్టుకునే చోట పూర్తిగా అరిగిపోయింది.

అసలు కథ అక్కడ దిగిన రోజే మొదలైంది. ఎవరు వెళ్లినా ముందు టార్గెట్ మీద రెండు మూడు కాల్పించి, జీరో, అంటే గురి పెట్టిన చోటే గుండు పడటం, సరిగ్గా ఉందో లేదో చూస్తారు. నా తుపాకీ చివర బ్రేక్ చూడగానే మా పీహెచ్, అంటే వేట నడిపించే లైసెన్సున్న వేటగాడు, తల అడ్డంగా ఊపాడు. బ్రేక్ గ్యాస్‌ను పక్కలకీ వెనక్కీ తోస్తుంది కాబట్టి మోతంతా పక్కనున్నవాళ్ల చెవుల్లోకి పోతుంది. అక్కడ మనం ఒంటరిగా కాల్చం, జంతువుల జాడ పట్టే ట్రాకర్ ఒక పక్క, పీహెచ్ ఇంకో పక్క భుజం ఆనేంత దగ్గరగా నిలబడి ఉంటారు. వాళ్లు రోజూ చేసే పని అది, మన వారం రోజుల సరదాకి వాళ్ల చెవులు పోగొట్టుకోమనడం న్యాయం కాదు. విప్పేశాం. చాలామంది పీహెచ్‌లు బ్రేక్ ఒప్పుకోరని తర్వాత తెలిసింది. ఈ ముక్క అమ్మేవాడు చెప్పలేదు, నేనూ ముందే మెయిల్ పెట్టి అడగలేదు.

బ్రేక్ తీసేసరికి రెండు జరిగాయి. ఒకటి, గుండు పడే చోటు మారిపోయింది, వంద మీటర్లకి దాదాపు జానెడు పక్కకి. మళ్లీ జీరో చేయడానికి పధ్నాలుగు తూటాలు ఖర్చయ్యాయి. రెండోది అసలు దెబ్బ. అంత తేలికైన రైఫిల్లో బ్రేక్ లేని .300 తన్ను .308తో పోలిస్తే దాదాపు రెట్టింపు. పధ్నాలుగోదానికి భుజం కమిలింది. ట్రిగ్గర్ మీద వేలు పెడితేనే ఒళ్లు బిగుసుకుపోతోంది. అలసట అనుకున్నాను, ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున తొమ్మిది గంటలప్పుడు జెమ్స్‌బాక్ కనిపించింది, 90 మీటర్లు. మూడు కర్రల స్టాండ్ మీద పెట్టి కాల్చాను. కాల్చిన క్షణంలో స్కోప్‌లో ఏం జరిగిందో నేను చూడలేదు, కళ్లు మూసుకున్నాను కాబట్టి. అది ఒక్కసారి కుంగి, లేచి పొదల్లోకి పరుగెత్తింది. మేము చేరేసరికి ట్రాకర్ మోకాళ్ల మీద కూర్చుని గడ్డి దుబ్బుల్లో వెతుకుతున్నాడు. అరచెయ్యి చాపి చూపించాడు, గోరంత తెల్లటి ఎముక ముక్క, దాని పక్కనే రాగి రంగు రేకు ముక్క. నా బుల్లెట్ తొడుగు అది. అమ్మేవాడిచ్చినవి దూరంలో వేగం తగ్గాక కూడా విచ్చుకునేలా పల్చటి తొడుగుతో చేసినవి. 90 మీటర్లలో, పూర్తి వేగంతో భుజం ఎముక మీద పడితే అది లోపలికి దూరకుండా పైనే చితికిపోయింది. వేగం ఎక్కువైతే పని బాగా అవుతుందనుకుంటాం. మెత్తటి బుల్లెట్ విషయంలో అది తిరగబడుతుంది.

ఒక్కో గడ్డిపోచ మీద ఆవగింజంత రక్తం బొట్టు, పాతిక ముప్పై అడుగులకొకటి. ఆ ట్రాకర్ వాటిని పట్టుకుని మమ్మల్ని నాలుగు కిలోమీటర్లు నడిపించాడు, చిన్న కుక్కను కూడా తెచ్చారు. మధ్యాహ్నానికి రాతి నేల వచ్చింది, బొట్లు ఆగిపోయాయి. సాయంత్రం దాకా తిరిగాం, మర్నాడు పొద్దున కూడా వెళ్లాం. దొరకలేదు. గాయపడి దొరక్కపోయినా వేటాడినట్టే లెక్క, పూర్తి డబ్బు కట్టాలి. కాంట్రాక్టులో రాసే ఉంటుంది, దాదాపు అందరి కాంట్రాక్టుల్లోనూ ఉంటుంది, అందులో వాళ్ల తప్పేం లేదు. 700 డాలర్లు కట్టాను. కట్టాల్సిందే.

ఆ రాత్రి బావ నా రైఫిల్ తీసుకుని, నాకు కనపడకుండా పేలని డమ్మీ తూటా ఒకటి లోపల పెట్టి, టార్గెట్ మీద కాల్చమన్నాడు. నిజంది అనుకుని ట్రిగ్గర్ నొక్కాను. క్లిక్ మన్నది. పేలుడు లేకపోయినా బ్యారెల్ కొస రెండు వేళ్ల మందం కిందికి వంగింది. భుజం ముందే ఉలికిపడుతోందన్నమాట. "చూశావా, గురి చెడింది కాదురా, భయం పట్టుకుంది" అని తన .308 నా చేతికిచ్చాడు. మిగిలిన నాలుగు రోజులూ ఇద్దరం అదొక్కదాంతోనే తిరిగాం. బావ తెచ్చినవి 180 గ్రెయిన్ నోస్లర్ పార్టిషన్ అనే బుల్లెట్లు, 1948 నుంచీ ఉన్న డిజైన్, ముందు సగం విచ్చుకున్నా వెనక సగం గట్టిగా నిలిచి లోపలికి దూసుకుపోతుంది. నాకు కూడూ 140 మీటర్లలో ఒకే గుండుకి, యాభై అడుగుల్లో పడిపోయింది. వార్ట్‌హాగ్ (అక్కడి అడవిపంది) నిలబడ్డ చోటే పడింది.

ఇంకో మాట, ఇది తుపాకీ కంటే ముఖ్యమేమో. టెక్సస్ జింకకి అలవాటుపడి ముందుకాలి వెనకాల కాల్చేవాళ్లం మనం. ఆఫ్రికా జింకల్లో గుండె, ఊపిరితిత్తులు ఇంకా ముందుకి, ఇంకా కిందికి, సరిగ్గా భుజాల మధ్య ఉంటాయి. పక్క నుంచి చూస్తే ముందుకాలి గీత మీదే, ఒంటి ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర కాల్చాలి. వెనకాల కాలిస్తే పొట్టలో పడుతుంది, ఆ తర్వాత రోజంతా నడకే. వెళ్లే ముందు రెండు నెలలు బెంచ్ మీద కాకుండా మూడు కర్రల స్టాండ్ మీద, నిలబడి, ఇంట్లో ఖాళీ తుపాకీతోనైనా ప్రాక్టీస్ చేయండి. అక్కడ బెంచ్ ఉండదు. 

కొట్టు సంగతి. తిరిగొచ్చి వెళ్లి అడిగితే, తుపాకీ కొట్టు గడప దాటాక వాపసు లేదన్నారు, రసీదు మీద చిన్న అక్షరాల్లో ఉంది. పాతదిగా కొంటామని చెప్పిన రేటు సగం కూడా లేదు. కాబట్టి కొనే రోజే వాపసు మాట అడగండి. అమ్మేవాణ్ణి మీరు ఆఫ్రికా వెళ్లారా అని మొహమాటం లేకుండా అడగండి, ఇతను వెళ్లలేదని నాకు తర్వాత తెలిసింది. మీ పీహెచ్‌కి మెయిల్ పెట్టి బ్రేక్ ఒప్పుకుంటారా, ఎంత దూరం నుంచి కాల్పిస్తారు, మీ తూటాలు విమానంలో పోతే అక్కడ ఆ క్యాలిబర్ దొరుకుతుందా అని రాతలో తెప్పించుకోండి. కొత్తగా వచ్చిన వింత క్యాలిబర్లకి ఆఖరి ప్రశ్న చాలా ముఖ్యం, .308, 30-06లకైతే ఆ బెంగ తక్కువ. అమెరికా నుంచి బయలుదేరేముందు కస్టమ్స్‌లో, తిరిగొచ్చేటప్పుడు తుపాకీ మనదేనని చూపించే 4457 ఫారం వేయించుకోవడం మర్చిపోవద్దు. దక్షిణాఫ్రికా అయితే తుపాకీ తెచ్చుకునే అనుమతికి అక్కడి పోలీసుల 520 ఫారం వేరే ఉంటుంది.

ఇప్పటికే బ్రేక్ ఉన్న మాగ్నమ్ కొనేసి, టికెట్లు కూడా తీసుకున్నవాళ్లుంటే కంగారు పడకండి. ఈ వారాంతమే రేంజ్‌కి వెళ్లి బ్రేక్ విప్పి, అక్కడికి తీసుకెళ్లబోయే తూటాలతోనే జీరో చేసుకోండి, ఒక రోజుకి పదికి మించి కాల్చొద్దు. పక్కనున్నవాళ్లతో మధ్యలో డమ్మీ తూటా ఒకటి పెట్టించి చూడండి. బ్యారెల్ కొస కదిలితే ఆ రైఫిల్ ఇంట్లో పెట్టి, స్నేహితుడి దగ్గర .308 అడిగి తీసుకెళ్లండి, లేదంటే పీహెచ్ దగ్గర అద్దెకు తీసుకోండి.