జేబులో గీగర్ మీటర్: మిరపకాయకి ఒక లెక్క, మనిషికి ఒక లెక్క

నేను గుంటూరు కొత్తపేటలో ఒక స్కానింగ్ సెంటర్‌లో ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. ఆన్‌లైన్‌లో ఆరు వేల చిల్లర పెట్టి కొన్న పాకెట్ రేడియేషన్ మీటర్ గురించి రాస్తున్నాను. కంపెనీ పేరు రాయను. అచ్చం ఇలాంటి డబ్బాలే రకరకాల పేర్లతో కనిపిస్తున్నాయి, కాబట్టి పేరు కన్నా పనితీరు చూసుకోవడం మేలు.

ముందు వస్తువు సంగతి. అరచేతిలో ఇమిడిపోతుంది. టైప్-సి చార్జింగ్, ఒకసారి పెడితే చాలా రోజులు వస్తోంది. స్క్రీన్ మన ఎండలో కూడా బాగానే కనిపిస్తుంది. టిక్కుటిక్కు శబ్దం ఆపే ఆప్షన్‌ని మాత్రం మెనూలో ఎక్కడో అడుగున దాచారు. అది దొరికేదాకా రాత్రిపూట ఇంట్లో తిట్లే. మాన్యువల్ తెలుగులో లేదు సరే, ఇంగ్లీషు కూడా అర్థమయ్యేలా లేదు.

లోపల ఉన్నది గాజు గీగర్ ట్యూబు. గామా కిరణమో బీటా కణమో తగిలితే ఒక పల్స్ వస్తుంది. తగిలినదానికి ఎంత శక్తి ఉందో ట్యూబుకి తెలియదు, అన్నిటికీ ఒకటే టిక్కు. ఇక యూనిట్ల మెనూ తెరిస్తే మైక్రోసీవర్ట్, మైక్రోగ్రే, మిల్లీరాంట్‌జెన్ అని పెద్ద వరసే ఉంది. అవన్నీ కొలుస్తోందని మురిసిపోకండి. ఇది లెక్కపెట్టేది టిక్కులని మాత్రమే, మిగతాదంతా లోపల చేసే గుణకారం.

వీటిలో గ్రేకీ సీవర్ట్‌కీ తేడా ఏమిటంటే, ఒక కిలో పదార్థంలో ఒక జౌల్ శక్తి దిగితే అది ఒక గ్రే. ఈ యూనిట్ 1975లో వచ్చింది, బ్రిటన్ శాస్త్రవేత్త లూయిస్ హెరాల్డ్ గ్రే పేరు మీద. అంతకుముందు రాడ్ అనే యూనిట్ ఉండేది, 100 రాడ్లు ఒక గ్రే. నేను చూసిన రేడియోథెరపీ సీనియర్ ఒకాయన ఇప్పటికీ "రోజుకి రెండొందల రాడ్లు" అనే అంటారు. కొత్త పిల్లలు 200 సెంటీగ్రే అని రాస్తారు. అంకె మారకుండా పేరు మారింది కాబట్టి ఎవరికీ గొడవ లేదు. సీవర్ట్ దారి వేరు. గ్రేలో వచ్చిన అంకెని, ఆ రేడియేషన్ మనిషి ఒంటికి ఎంత హాని చేస్తుందో చూసి సవరిస్తే వచ్చేది సీవర్ట్. ఎక్స్‌రే, గామా, బీటాలకి 1తో, ఆల్ఫాకి 20తో గుణిస్తారు. ఈ మీటర్‌లోని గాజు దాటి ఆల్ఫా లోపలికి రానే రాదు.

ఇదంతా బాగా అర్థమయ్యేది మా బావమరిది దగ్గర. వాడిది మిరప వ్యాపారం, యార్డులో కొని బయటికి పంపుతాడు. మీటర్ సంగతి తెలియగానే రేడియేషన్ చేయించిన కారం ప్యాకెట్ ఒకటి పట్టుకొచ్చాడు. "బావా, దీనికి కిలోగ్రేల లెక్కన కొట్టారంట. చేత్తో పట్టుకోవచ్చా అసలు?" అన్నాడు. పక్కన పెట్టి చూశాం. బల్ల మీద ఎంత చూపించిందో ప్యాకెట్ దగ్గరా అంతే. వాడికి మీటర్ మీదే అనుమానం వచ్చింది, పాడైందేమోనని.

మీటర్ బాగానే ఉంది. గ్రే చెప్పేది సరుకు ఎంత శక్తి తీసుకుందో, ఇప్పుడు అందులోంచి ఎంత వస్తోందో కాదు. మన దేశంలో మసాలా దినుసుల్లో సూక్ష్మజీవుల్ని చంపడానికి 6 నుంచి 14 కిలోగ్రే దాకా ఇవ్వొచ్చు. ఎక్కువగా వాడే కోబాల్ట్-60 గామా వల్ల కారం రేడియోధార్మికం అవ్వదు. పది కిలోగ్రే అంటే ఎంత వేడో కూడా లెక్క వేసి చూపించాను. అదే శక్తి నీళ్లలో దిగితే రెండున్నర డిగ్రీల లోపే వేడెక్కుతాయి. అదే మనిషి ఒళ్లంతటికీ ఒక్కసారిగా 4 గ్రే తగిలితే, వైద్యం అందకపోతే, బతకడం సగానికి సగం అనుమానమే. ఒంటి వేడి మాత్రం డిగ్రీలో వెయ్యో వంతు పెరుగుతుందేమో! చంపేది వేడి కాదు, కణాల్లో డీఎన్ఏ తెగిపోవడం. మిరపకాయకి సీవర్ట్‌లు ఎవరూ వాడకపోవడానికి కారణమూ ఇదే, ఆ సవరణ మనిషి కోసం చేసింది.

మా ఇంట్లో హాల్లో 0.12 మైక్రోసీవర్ట్ దగ్గర ఆడుతుంది, గంటకి. పక్కింటి మాస్టారు దాన్ని 24తో, 365తో గుణించి ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ దాటిందని తేల్చారు. "ప్రజలకి లిమిటే 1 కదయ్యా" అని టెన్షన్. ఆ 1 మిల్లీ ప్రకృతిలో ఎలాగూ ఉండేదాన్ని పక్కన పెట్టి లెక్కేసేది. నేలనుంచి, ఆకాశంనుంచి, తినే తిండినుంచి, గాలిలో పీల్చే రేడాన్ వాయువునుంచి వచ్చేవన్నీ కలిపితే ప్రపంచ సగటే 2.4 మిల్లీ దాకా ఉంటుంది. సెల్ టవర్ చూడమని అడిగినవాళ్లకీ చెబుతున్నాను, ఇది వాటిని పట్టదు, అది వేరే జాతి రేడియేషన్.

డ్యూటీలో పనికొస్తుందా అంటే, రాదు. ఛాతీ ఎక్స్‌రే సెకనులో ఏ కొద్ది వంతులోనో అయిపోతుంది, మీటర్ తీరిగ్గా సగటు తీసేసరికి ఆ అంకెకి అర్థమే ఉండదు. ఆపరేషన్ జరుగుతుండగా ఎక్స్‌రే బొమ్మ చూపించే సి-ఆర్మ్ మిషన్ దగ్గరైతే కథ తిరగబడింది, చూపించిన అంకెకి మా కుర్రాడు హడలిపోయాడు. ఇలాంటి మీటర్లని సాధారణంగా సీజియం-137 గామాతో సరిచూస్తారు, దాని శక్తి 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. మా గదిలో చెదిరి వచ్చేది వందలోపే. ఆ శక్తి దగ్గర ఏ ఫిల్టరూ లేని ట్యూబు, నిజంగా ఉన్న డోసుని కొన్ని రెట్లు చేసి చూపిస్తుంది.

మేం సీసపు ఆప్రాన్ లోపల ఛాతీ దగ్గర పెట్టుకునే, ఒంటికి తగిలిన రేడియేషన్‌ని నమోదు చేసే టీఎల్‌డీ బ్యాడ్జీ చూడటానికి ప్లాస్టిక్ ముక్క. కానీ అందులో మూడు బిళ్లలు ఉంటాయి, ఒకదాని మీద లోహపు ఫిల్టర్, ఒకదాని మీద ప్లాస్టిక్, మూడోది ఖాళీ. మూడింటినీ పోల్చి చూసి శక్తి తేడా సరిచేస్తారు. రిపోర్టుకి మూడు నెలలు ఆగాలి, అదొక్కటే చిరాకు. మాకు ఏడాదికి సగటున 20 మిల్లీసీవర్ట్ అనే ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) పరిమితిని చూసేది ఆ రిపోర్టుతోనే.

సరదాకి, పిల్లలకి ఫిజిక్స్ చెప్పడానికి అయిదుకి మూడున్నర ఇస్తాను. ఎక్స్‌రే రూము కోసమైతే ఒకటి. అప్పటికప్పుడు అంకె కావాలనుకునే టెక్నీషియన్లు ఎక్స్‌రే శక్తుల దగ్గర క్యాలిబ్రేషన్ చేసిన (సరిచూసిన) సర్టిఫికెట్ ఉన్న ఎలక్ట్రానిక్ డోసిమీటర్ (డోసు కొలిచే పరికరం) అడగండి, రేటు చాలా ఎక్కువే. ఇదే కొనేస్తే మాత్రం అలారం సెట్టింగ్ ముందే చూసుకోండి. నాకు వచ్చినదానిలో గంటకి 0.5 మైక్రోసీవర్ట్ దగ్గర పెట్టి ఉంది, అటక మీది పాత పెట్రోమాక్స్ మ్యాంటిల్ దగ్గరికి తీసుకెళ్లగానే కూత మొదలెట్టింది. అప్పట్లో వాటిలో థోరియం వాడేవారు.