ఫోన్ లేకుండా మూడో క్రూజు: నాన్న గడియారమే నా ధైర్యం

టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి ఓడెక్కడం నాలుగేళ్ళలో ఇది మూడోసారి. మూడుసార్లూ ఓడ కదలకముందే నా ఫోన్ ఆఫ్ చేసి గదిలో ఉన్న లాకర్‌లో పెట్టేశాను. తిండి ఎలా ఉంది, గది ఎంత పెద్దది, ఇవన్నీ చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను చెప్పేది నా చేతి గడియారం గురించి. రాజమండ్రిలో నాన్న ఇచ్చిన పాత హెచ్ఎంటీ, రోజూ పొద్దున్నే కీ ఇవ్వాలి.

మొన్న డిసెంబర్‌లో మెక్సికో దీవి కొజుమెల్‌లో దిగాం. సాయంత్రం నాలుగున్నరకల్లా అందరూ ఓడలో ఉండాలన్నారు. ఊళ్ళో తిరిగి, ఒక కొట్లో మా బాబుకి టోపీ బేరం చేస్తూ తలెత్తి చూస్తే గోడ గడియారం నాలుగూ నలభై చూపిస్తోంది! నా చేతికున్నది మూడూ నలభై. ఆగిపోయిందేమోనని చెవి దగ్గర పెట్టుకున్నాను, టిక్ టిక్ వినిపిస్తూనే ఉంది. అయినా నమ్మకం కుదరలేదు. టోపీ అక్కడే వదిలేసి, ఎంతో కూడా అడక్కుండా టాక్సీ ఎక్కేశాం. దారి పొడవునా బాబు చెయ్యి గట్టిగా పట్టుకునే కూర్చున్నాను.

తీరా రేవుకి వచ్చేసరికి జనం ఐస్‌క్రీమ్ తింటూ తీరిగ్గా నడుస్తున్నారు. గేటు దగ్గర ఉన్నతను చెప్పాడు: ఓడలో టెక్సాస్ టైమే నడుస్తుంది, ఇక్కడి టైమ్ ఒక గంట ముందు. కొజుమెల్ ఉన్న మెక్సికో రాష్ట్రం 2015 నుంచి ఏడాది పొడవునా ఒకటే టైమ్ పాటిస్తోంది, టెక్సాస్‌లో మాత్రం వేసవికి గడియారాలు గంట ముందుకి జరుపుతారు. అందుకే వేసవిలో టెక్సాస్‌కీ కొజుమెల్‌కీ తేడా ఉండదు, చలికాలంలో గంట తేడా వస్తుంది. మేం ముందు రెండుసార్లూ జూన్‌లో వెళ్ళాం కాబట్టి తెలియలేదు. చేతిలో ఫోన్ ఉండి ఒడ్డున సిగ్నల్ పట్టుకుని ఉంటే అదీ నాలుగూ నలభై అనే చూపించేది. మమ్మల్ని కంగారు పెట్టింది గోడ గడియారమే, నాన్న గడియారం మొదటినుంచీ ఓడ టైమే చెబుతోంది. మయామీ నుంచి వేసవిలో వెళ్ళేవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. అప్పుడు కొజుమెల్ మయామీ కంటే ఒక గంట వెనక ఉంటుంది. ఓడ మయామీ టైమే ఉంచుకుంటే, ఊళ్ళో గడియారం నమ్ముకున్నవాళ్ళకి ఓడ అందదు.

మొదటిసారి వెళ్ళొచ్చాక, ఫోన్ లేకపోతే ఏ లోటూ ఉండదని కనబడినవాళ్ళందరికీ చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. అప్పట్లో మర్నాటి కార్యక్రమాల కాగితం రాత్రే గదికి వచ్చేది. ఈసారి రోజూ కౌంటర్‌కి వెళ్ళి అడిగి తెచ్చుకున్నాం. బాబు ఆశపడ్డ షోకి సీట్లు యాప్‌లోనే ఇచ్చేశారు, వాడు వెనక నిలబడి చూశాడు. వాడి మొహం చూస్తే బాధేసింది. ఒకళ్ళనొకళ్ళు వెతుక్కోవడం మాత్రం కష్టం కాలేదు. ఐదో అంతస్తు మెట్ల దగ్గర ఫలానా టైమ్‌కి అనుకునేవాళ్ళం, తలుపుకి చీటీ అంటించేవాళ్ళం.

ఇంకో మాట. మా ఆయన ఫోన్ కూడా లాకర్‌లోనే ఉంది, అవసరమైతే తీయొచ్చన్న ధీమా మాకుంది. ఓడ కంపెనీ అత్యవసర నంబరు రాజమండ్రిలో తమ్ముడికి ఇచ్చి వెళ్ళాను. అమ్మా నాన్నా బాగున్నారు కాబట్టి ఐదు రాత్రులు నిశ్చింతగా ఉండగలిగాను. అమ్మకి మోకాలి ఆపరేషన్ అంటున్నారు. అది వచ్చే ఏడాది అయితే నేను ఫోన్ ఆపను, అసలు ఓడే ఎక్కనేమో.

గడియారాన్ని మాత్రం ఈలోపు బాగుచేయించాలి. రోజుకి రెండు నిమిషాలు వెనకబడుతోంది, అక్కడున్నన్నాళ్ళూ పొద్దున్నే ఓడలో గడియారం చూసి సరిచేసుకోవాల్సి వచ్చింది.