జూట్ సంచులని చెప్పి ప్లాస్టిక్ అంటగట్టారు: ఫంక్షన్లకి కొనేవాళ్ళు జాగ్రత్త

పోయిన నెల మా గృహప్రవేశానికి 150 తాంబూలం సంచులు ఆర్డర్ పెట్టాను. జనపనారవైతే వచ్చినవాళ్ళు తర్వాత కూరగాయలకైనా వాడుకుంటారు కదా అని నా ఆశ. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి అమ్మినవాడి పేరు రాయడం లేదు.

ముందు కొరియర్‌లో ఒక శాంపిల్ పంపాడు. ముతకగా, అక్కడక్కడా పీచు లేచి, అసలు సిసలు గోనెగుడ్డ. ఒక్కోటి 70 రూపాయలన్నాడు. మారుమాట లేకుండా 10,500 మొత్తం ముందే పంపేశాను. బుద్ధి తక్కువై.

సరుకు సరిగ్గా ఫంక్షన్‌కి రెండు రోజుల ముందు దిగింది. కట్ట విప్పగానే కిరసనాయిలు లాంటి వాసన గుప్పుమంది. ఫోన్ చేస్తే "జూట్ అంటే అంతే మేడం, గాలికి పెట్టండి, పోతుంది" అన్నాడు. పై వరస తీసి చూస్తే కింద వాటికి ఏ వాసనా లేదు. హమ్మయ్య అనుకుని రవికె గుడ్డలు, పసుపు కుంకుమ పొట్లాలు సర్దడం మొదలుపెట్టాం.

మా బాబాయి ఏలూరులో జూట్ మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. సర్దుతూ సర్దుతూ ఒక సంచిని వేళ్ళ మధ్య నలిపి "ఇదేంటమ్మా, ఇంత నున్నగా జారుతోంది" అన్నాడు. అంచు నుంచి ఒక పోగు లాగి దేవుడి దీపం దగ్గర పెట్టాడు. ముడుచుకుపోయి, కరిగి, చివర గట్టి పూసలా అయింది. పై వరసలోని సంచి పోగు పెడితే కాగితంలా మండింది, వేలితో రాస్తే పొడి బూడిద. కూర్చుని మొత్తం తిరగేస్తే అసలువి 12. మిగతా 138 యూరియా బస్తా గుడ్డలాంటిదే, కాకపోతే గోనె రంగు వేసింది.

వాసన సంగతి కూడా అప్పుడే తెలిసింది. నార మెత్తబడాలని మిల్లులో నూనె, నీళ్ళు కలిపి పట్టిస్తారు. మామూలు సంచులకి వాడేది పెట్రోలియం నుంచి తీసిన నూనె కాబట్టి ఆ కంపు. కాఫీ గింజలు, కోకో నింపే సంచులకి మాత్రం మొక్కల నుంచి తీసిన నూనె వాడతారు. అంటే నేను అనుమానపడ్డవి అసలువి, హమ్మయ్య అనుకున్నవి నకిలీవి! అలాగని కంపు కొట్టే సంచిలో తినేవి నేరుగా పోయకండి.

శాంపిల్‌ని నమ్మకండి. వచ్చిన కట్టలో అడుగు నుంచి, మధ్య నుంచి ఒక్కో పోగు లాగి కాల్చి చూశాకే మిగతా డబ్బు ఇస్తానని ముందే మాట్లాడుకోండి. 2022లో కేంద్ర జౌళి శాఖ తెచ్చిన జూట్ మార్క్ లోగో ఉంటే దాని క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి. గోగునార కలిసిందంటే కంగారు పడక్కర్లేదు, అదీ చెట్టు నారే. లోపల నున్నటి పొర మెరుస్తుంటే మాత్రం ప్లాస్టిక్ అతికించినట్టు. పైన అసలు జనపనారే అయినా ఆ పొర మట్టిలో కలవదు. "జూట్ లుక్", "జూట్ ఫినిష్" అని రాస్తే అది జూట్ కాదని వాళ్ళే చెబుతున్నట్టు.

అన్నిటికన్నా ముఖ్యం బిల్లు. నా బిల్లు మీద "ఫ్యాన్సీ బ్యాగ్స్ 150" అని ఉంది, జూట్ అన్న మాటే లేదు. ఇప్పుడు వాడు పట్టుకున్నది అదే. నా దగ్గర ఉన్నవి వాట్సాప్ మెసేజ్‌లు, ఆ శాంపిల్ సంచి.

ఫంక్షన్ రోజు వేరే దారి లేక ఆ ప్లాస్టిక్ సంచులే పంచాం. అందరూ "భలే ఉన్నాయే జూట్ బ్యాగులు" అంటుంటే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మిగిలిన 31 సాక్ష్యంగా అటక మీద దాచి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. సగం డబ్బు ఇస్తాం, ఫిర్యాదు వెనక్కి తీసుకోండి అని నిన్న మెసేజ్ వచ్చింది. ఒప్పుకోలేదు.